రూట్ 66 రోడ్డు పక్క వింతలు: తుల్సా నుంచి ఓట్‌మన్ దాకా వారం రోజుల ట్రిప్ ఎలా వేసుకోవాలి

"రూట్ 66 మీదే వెళ్లొచ్చాం, చూడ్డానికి పెద్దగా ఏమీ లేదు" అనేవాళ్లు చాలామంది ఉంటారు. కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే. రూట్ 66 అనే పాత రోడ్డు వదిలేసి, ఫోన్ చూపించిన దారి పట్టుకుని ఐ-40 అనే పెద్ద హైవే మీద 75 మైళ్ల వేగంతో దూసుకుపోయి ఉంటారు. నీలి తిమింగలం, నేలలో పాతిన కాడిలాక్ కార్లు, గుడారం ఆకారపు మోటెల్ గదులు ఆ హైవేకి కాస్త పక్కగా ఉంటాయి. దిగి వెతుక్కోకపోతే కనబడవు.

అమెరికాలో చికాగో నుంచి కాలిఫోర్నియాలోని సాంటా మోనికా దాకా ఈ పాత రోడ్డు 2,448 మైళ్లు, 8 రాష్ట్రాలు. రెండు వారాల సెలవు లేకపోతే అంతా ఒకేసారి పెట్టుకోవద్దు. మధ్యలో ఓక్లహోమా, టెక్సస్, న్యూ మెక్సికో, ఆరిజోనా ముక్క ఒక్కటి తీసుకుంటే వింతలు దగ్గర దగ్గరగా దొరుకుతాయి. తుల్సాలో దిగి లాస్ వేగాస్‌లో విమానం ఎక్కితే ఏడు రోజులు, దాదాపు 1,300 మైళ్లు. డాలస్ వైపు ఉన్నవాళ్లు సొంత కారులో నేరుగా అమరిల్లో చేరుకుని (360 మైళ్లు) మూడో రోజు నుంచి కలవొచ్చు.

1. నెల ఎంచుకోవడం

సెప్టెంబరు రెండో వారం నుంచి అక్టోబరు ఆఖరు దాకా అన్నిటికన్నా మంచిది. ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఓక్లహోమా, టెక్సస్‌లలో వడగళ్లు, టోర్నడోల కాలం. జులై, ఆగస్టుల్లో ఎండ మండిపోతుంది. ఆరిజోనాలో అదే సమయంలో సాయంత్రం పూట ఉన్నట్టుండి కుండపోత వాన పడుతుంది.

నవంబరు వచ్చాక చిన్న ఊళ్లలో మోటెళ్లు, దుకాణాలు కొన్ని మూసేస్తారు. థాంక్స్‌గివింగ్ సెలవుల్లో పెట్టుకుంటే సగం చోట్ల తాళాలే కనిపిస్తాయి.

అక్టోబరు మొదట్లో ఆల్బుకర్కీలో బెలూన్ల పండగ జరుగుతుంది. ఆ వారం అక్కడ గది దొరకడం కష్టం. ఈ ప్లాన్‌లో రాత్రి బస గాలప్‌లో పెట్టడానికి అదొక కారణం.

2. బుకింగ్‌లు, ఈ వరసలోనే

చాలామంది ముందు విమానం టికెట్లు కొంటారు. ఇక్కడ ముందు గదులు చూసుకోవాలి, ఎందుకంటే ట్రిప్ మొత్తంలో దొరకడం కష్టమైనవి రెండే రాత్రులు.

మొదటిది హోల్‌బ్రూక్‌లోని విగ్వామ్ మోటెల్. 1950లో కట్టిన సిమెంటు గుడారాలు 15 మాత్రమే ఉన్నాయి. ఒక్కోదాని ముందు ఒక పాతకాలపు కారు నిలిపి ఉంటుంది. లోపల గోడలు ఏటవాలు, బాత్రూమ్ ఇరుకు. నలుగురున్న కుటుంబానికి పెద్ద సూట్‌కేసులతో సహా ఒక గుడారం చాలదు. రాత్రికి కావలసినవి చిన్న సంచిలో వేరుగా సర్దుకోండి.

రెండోది టుకుమ్‌కారీలోని బ్లూ స్వాలో మోటెల్. 1939 నాటిది. నీలం నియాన్ పిట్ట బోర్డు, గది పక్కనే కారు షెడ్డు. ఇక్కడ నిద్రకన్నా చీకటి పడే వేళే ముఖ్యం. సాయంత్రం 5 లోపు చేరుకోవాలి.

ఈ రెండు తేదీలూ ఖాయమయ్యాక విమానాలు, ఆ తర్వాత కారు. ఒక ఊళ్లో తీసుకుని ఇంకో ఊళ్లో వదిలితే డ్రాప్ ఫీజు పడుతుంది. బుక్ చేసేటప్పుడు చూపే మొత్తంలో అది కలిసి ఉందో లేదో చూసుకోండి.

కారు ఒప్పందంలో మట్టిరోడ్ల మీద నడపకూడదన్న నిబంధన చాలావరకు ఉంటుంది. గ్లెన్‌రియో నుంచి శాన్ హోన్ వైపు వెళ్లే పాత రోడ్డు మట్టిది. వాన పడితే జారుతుంది కూడా. ఆ ముక్క వదిలేసి ఐ-40 ఎక్కండి, పోయేదేమీ లేదు.

3. మ్యాప్ తయారు చేసుకోవడం

అసలు పని ఇక్కడే ఉంది. ఒక సాయంత్రం కూర్చుని ఇంట్లోనే చేయాలి, కారెక్కాక కుదరదు.

అ) ముందు చూడాల్సిన చోట్లన్నీ పటంలో గుర్తు పెట్టండి.

ఆ) రోజుకు నాలుగు స్టాప్‌లు మించకుండా కత్తిరించండి. పిల్లలతో ఒక్కో స్టాప్‌కి 45 నిమిషాలు పడుతుంది. దిగడం, ఫొటోలు, బాత్రూమ్, మళ్లీ సీటు బెల్టులు అన్నీ కలిపి చెప్తున్న లెక్క ఇది.

ఇ) రోజంతటికీ ఒకే గమ్యం పెట్టొద్దు. ఒక స్టాప్ నుంచి తర్వాతి స్టాప్‌కి మాత్రమే దారి అడగండి. దూరం గమ్యం ఇస్తే ఫోన్ ఎప్పుడూ ఐ-40నే పట్టిస్తుంది.

ఈ) "హైవేలు వద్దు" అన్న సెట్టింగ్ రోజంతా ఆన్‌లో ఉంచకండి. పాత రోడ్డు చాలాచోట్ల హైవే కంచె దగ్గర ఆగిపోతుంది. అలాంటి చోట ఫోన్ మిమ్మల్ని పొలాల మధ్య తిప్పుతుంది. పాత రోడ్డు బాగున్న ముక్కలకే వాడండి: తుల్సా నుంచి ఆర్కేడియా, సెలిగ్‌మన్ నుంచి కింగ్‌మన్.

ఉ) ఆఫ్‌లైన్ పటాలు దించుకోండి. రోడ్డు పక్కన "హిస్టారిక్ రూట్ 66" అని గోధుమ రంగు బోర్డులు కనిపిస్తుంటాయి. ఫోన్, బోర్డు వేరువేరుగా చెప్తే బోర్డుని నమ్మండి.

తుల్సా నుంచి ఓక్లహోమా సిటీకి ఐ-44 మీద వెళ్తే టోల్ పడుతుంది. అక్కడ నగదు తీసుకోరు, నంబరు ప్లేటు ఫొటో తీసి బిల్లు పంపుతారు. అద్దె కారైతే ఆ బిల్లు మీద కంపెనీ తన సర్వీసు ఫీజు కూడా వేయొచ్చు. పక్కనే సాగే పాత రోడ్డు ఉచితం.

4. వెంట ఉండాల్సినవి

☐ 25 సెంట్ల నాణేల రోల్ ఒకటి (40 నాణేలు, 10 డాలర్లు)
☐ 1981 దాకా ముద్రించిన పెన్నీలు (ఒక సెంటు నాణేలు) ఓ ఇరవై
☐ చిన్న నోట్లు, 1, 5 డాలర్లవి
☐ మనిషికి రోజుకు ఒక గ్యాలన్ నీళ్లు
☐ పాత బూట్లు, పాత చొక్కాలు, పారేసే గ్లౌజులు, మాస్కులు
☐ తడి వైప్స్, చెత్త సంచులు
☐ బ్యాటరీతో నడిచే చిన్న ఎఫ్ఎమ్ రేడియో
☐ మూడడుగుల తాడు (కారులోనే కూర్చుని సినిమా చూసే డ్రైవ్-ఇన్‌లో పనికొస్తుంది)
☐ టోపీలు, సన్‌స్క్రీన్
☐ విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నల పాస్‌పోర్టులు, ఐ-94 (అమెరికాలోకి వచ్చినట్టు రికార్డు) ప్రింటు. సూట్‌కేసు అడుగున పెడితే లాభం లేదు, చేతికందే సంచిలో ఉండాలి.

స్ప్రే పెయింటు డబ్బాలు ఇంటి నుంచి తేవద్దు. విమానంలో చేతి సంచిలోనూ, చెకిన్ లగేజీలోనూ వాటిని ఒప్పుకోరు. అమరిల్లోలో కొనండి.

5. రోజు వరస

మొదటి రోజు: తుల్సాకి 15 మైళ్ల దూరంలో కటూసా ఊళ్లో నీలి తిమింగలం. 80 అడుగుల పొడవు, నోట్లోంచి లోపలికి నడిచి వెళ్లొచ్చు. పొద్దున్నే వెళ్తే జనం ఉండరు. తర్వాత తుల్సాలో 75 అడుగుల గోల్డెన్ డ్రిల్లర్ విగ్రహం, పదకొండో వీధిలో కౌబాయ్ టోపీ పెట్టుకున్న వ్యోమగామి బక్ ఆటమ్ బొమ్మ. సాయంత్రానికి ఆర్కేడియా. అక్కడ 1898 నాటి గుండ్రటి చెక్క కొట్టం ముందు చూడండి, చీకటి పడ్డాక పాప్స్ అనే సోడా దుకాణం, పెట్రోలు బంకు దగ్గరికి వెళ్లండి. దాని ముందున్న 66 అడుగుల సోడా సీసా దీపాలు వెలిగాకే అందంగా ఉంటుంది. రాత్రి ఓక్లహోమా సిటీ.

రెండో రోజు, 260 మైళ్లు: క్లింటన్‌లో రూట్ 66 మ్యూజియం, షామ్‌రాక్‌లో 1936 నాటి పెట్రోలు బంకు, కేఫ్ అయిన యూ-డ్రాప్ ఇన్, గ్రూమ్ దగ్గర ఒరిగినట్టు నిలబడ్డ నీళ్ల ట్యాంకు. ట్యాంకు పడిపోతుందేమోనని భయపడక్కర్లేదు, కావాలనే అలా పెట్టారు. రాత్రి అమరిల్లో.

మూడో రోజు, 115 మైళ్లే: పొద్దున కాడిలాక్ రాంచ్ (కింద విడిగా చెప్పాం), తర్వాత ఏడ్రియన్. అటు చికాగోకి, ఇటు లాస్ ఏంజెలెస్‌కి అది సరిగ్గా సగం దూరమని అక్కడ బోర్డు ఉంటుంది. గ్లెన్‌రియో దగ్గర రాష్ట్రం మారగానే గడియారం ఒక గంట వెనక్కి. రాత్రి టుకుమ్‌కారీ.

ఈ రోజు మైళ్లు తక్కువ కదా అని ఆల్బుకర్కీ దాకా లాగేయాలనిపిస్తుంది. లాగొద్దు. సూర్యాస్తమయం తర్వాత ఇరవై ముప్ఫై నిమిషాలు ఆకాశం ముదురు నీలంగా ఉంటుంది, బోర్డులు వెలిగి ఉంటాయి. ఆ కాస్త సమయంలో టుకుమ్‌కారీ ప్రధాన వీధి మొత్తం నడవాలి. నియాన్ ఫొటోలో అక్షరాలు తెల్లగా కరిగిపోతుంటే, తెర మీద బోర్డు దగ్గర వేలు పెట్టి వెలుతురు కిందికి జరపండి.

నాలుగో రోజు, 315 మైళ్లు: సాంటా రోసాలో బ్లూ హోల్. 81 అడుగుల లోతు, ఏడాది పొడుగునా నీళ్లు 62 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గరే, అంటే ఒళ్లు కొంకర్లు పోయేంత చలి. ఈత బాగా రానివాళ్లు గట్టు మీదే ఉండాలి. ఆల్బుకర్కీలో సెంట్రల్ అవెన్యూ మీద కారులోనే ఒక చుట్టు, తర్వాత గాలప్‌కి. దారిలో లగూనా, ఆకోమా ప్యూబ్లోల (స్థానిక ఆదివాసీ తెగల) భూములు వస్తాయి. అనుమతి అడక్కుండా అక్కడ ఫొటోలు తీయకండి.

ఐదో రోజు, ఈ ట్రిప్‌లో తేలికైనది: ఐ-40 మీద 311వ ఎగ్జిట్ దగ్గర పెట్రిఫైడ్ ఫారెస్ట్ పార్కులోకి దిగండి. లోపల 28 మైళ్ల రోడ్డు మీద పాత రూట్ 66 దాటిన చోట గుర్తుగా 1932 నాటి స్టూడ్‌బేకర్ కారు అస్థిపంజరం నిలబెట్టారు. పక్కనే ఎండిపోయిన టెలిఫోన్ స్తంభాల వరస. పార్కులో రాయిగా మారిన చెక్క ముక్క ఒక్కటి కూడా జేబులో వేసుకోకూడదు, అది నేరం. హోల్‌బ్రూక్ దుకాణాల్లో ప్రైవేటు భూముల నుంచి తెచ్చినది అమ్ముతారు, అక్కడ కొనుక్కోండి. రాత్రి సిమెంటు గుడారంలో.

ఆరో రోజు, 250 మైళ్లు: 269వ ఎగ్జిట్ దగ్గర జాక్ రాబిట్ దుకాణం, పిల్లలు ఎక్కి కూర్చునే పెద్ద కుందేలు బొమ్మ. 233వ ఎగ్జిట్ దగ్గర ఉల్కాబిలం, దానికి టికెట్ ఉంటుంది. సెలిగ్‌మన్‌లో పెట్రోలు ట్యాంకు నింపండి. అక్కడి నుంచి కింగ్‌మన్ దాకా 87 మైళ్లు పాత రోడ్డే, మధ్యలో హాక్‌బెరీ దుకాణం తప్ప పెద్దగా ఏమీ ఉండదు.

ఏడో రోజు: కింగ్‌మన్ నుంచి ఓట్‌మన్‌కి 28 మైళ్ల కొండదారి. చాలా మలుపుల్లో రెయిలింగ్ ఉండదు. పగటిపూటే వెళ్లాలి, 40 అడుగులు దాటిన బండ్లను అనుమతించరు. ఓట్‌మన్ వీధుల్లో గాడిదలు తిరుగుతుంటాయి. తలమీద స్టిక్కర్ అంటించిన గాడిద పిల్లలకు ఏమీ పెట్టకండి, గొంతుకు అడ్డం పడుతుంది. పెద్దవాటికి అక్కడి దుకాణాల్లో అమ్మే గడ్డి బిళ్లలు చాలు. మేత చేతిలో ఉన్నప్పుడు కారు అద్దం దించి ఉంచితే తల లోపలికి పెట్టేస్తాయి.

6. కాడిలాక్ రాంచ్‌లో రంగు వేయడం

1974 నుంచి ఉన్న పది కాడిలాక్‌లు, ముక్కు నేలలో, తోక ఆకాశంలో. ఎవరైనా వచ్చి రంగు వేయొచ్చు, ప్రవేశం ఉచితం. అమరిల్లోకి పడమట ఐ-40 మీద 60, 62 ఎగ్జిట్ల మధ్య, పక్క రోడ్డు మీద కారు ఆపి పొలంలోకి నడిచి వెళ్లాలి. నీడ ఉండదు. బాత్రూమ్ పని ఊళ్లోనే చూసుకుని రండి.

ఎక్కువమంది చేసే పొరపాటు: ఒకే డబ్బా కొనడం. పాత రంగుల గజిబిజి మీద ఏ రంగు వేసినా కనిపించదు. కుటుంబానికి మూడు డబ్బాలు కావాలి: తెలుపు రెండు, ముదురు నీలమో నలుపో ఒకటి.

1. గాలి ఎటు నుంచి వస్తుందో చూసుకుని, అది వీపుకు తగిలేలా నిలబడండి. అమరిల్లోలో గాలి లేని రోజు అరుదు. ఎదురుగాలిలో నొక్కితే రంగంతా మీ మొహాన పడుతుంది.

2. డబ్బా లోపలి గోలీ గలగలమన్నాక కూడా ఒక నిమిషం ఊపండి. సరిగ్గా ఊపకపోతే రంగు నీళ్లలా పడి కారిపోతుంది.

3. రెండడుగుల చదరం తెల్లగా పూయండి. డబ్బా జానెడు దూరంలో ఉండాలి. చెయ్యి కదలడం మొదలయ్యాకే నొక్కండి, ఆగకముందే వదలండి. ఒకే చోట నొక్కి పెడితే ధార కారుతుంది.

4. పావుగంట ఆగండి. ఆ గాలికి ఆపాటికి ఆరుతుంది.

5. ఇప్పుడు అక్షరం. స్ప్రే గీత రెండంగుళాల మందం వస్తుంది కాబట్టి తెలుగు అక్షరం కనీసం అడుగు ఎత్తు ఉండాలి. చిన్నగా రాస్తే సున్నాలన్నీ పూడిపోతాయి. ముందు గుండ్రం, తర్వాత తలకట్టు, చివర గుణింతం. "లక్ష్మి" లాంటి పేరుకు ఒత్తులు దిగడానికి కింద ఇంకో అడుగు కావాలి. అంత చోటు దొరక్కపోతే "ల" ఒక్కటే పెద్దగా, నిండుగా రాయండి. దూరానికి కూడా అదే కనబడుతుంది.

6. వెంటనే ఫొటో తీయండి. గంటలోపే ఇంకొకరు దానిమీద రాసేస్తారు, అక్కడి పద్ధతే అది.

కార్ల మీద తప్ప నేల మీద, కంచె మీద రంగు వేయకూడదు. పైకి ఎక్కకండి, పచ్చి రంగు బట్టలకు అంటితే పోదు. వాన పడిన మర్నాడు కార్ల చుట్టూ గుంటల్లో నీళ్లు నిలుస్తాయి. ఖాళీ డబ్బాలు పొలంలో వదిలేసి పోవడం ఈ చోటికి చేసే పెద్ద అపచారం. చెత్త సంచిలో వేసుకుని వచ్చేయండి. మిగిలిన డబ్బాలు ఎండలో ఆపిన కారులో ఉంచొద్దు. 120 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే పేలే ప్రమాదం ఉంది, మూసిన కారులో ఆ వేడి తేలిగ్గా వస్తుంది.

7. పెన్నీ నొక్కే యంత్రం

జ్ఞాపికల దుకాణాల్లో, మ్యూజియాల్లో చేత్తో తిప్పే యంత్రం కనిపిస్తుంది. 25 సెంట్ల నాణేలు, ఒక పెన్నీ వేసి తిప్పితే పెన్నీ సాగి, మీద ఊరి బొమ్మ పడుతుంది. పిల్లలకు ఇంతకన్నా చవకైన జ్ఞాపిక దొరకదు.

పెన్నీ ఏ ఏడాదిదన్నదే అసలు కిటుకు. 1981 దాకా వచ్చినవి 95 శాతం రాగి. ఆ తర్వాతవి జింకు మీద సన్నటి రాగి పూత. సాగినప్పుడు ఆ పూత చిరిగి మధ్యలో బూడిదరంగు చారలు పడతాయి. 1982లో రెండు రకాలూ వచ్చాయి. ఇంట్లో తూకం ఉంటే పది కలిపి తూచండి: 31 గ్రాములైతే రాగివి, 25 అయితే జింకువి. 2025 నవంబరులో చలామణీ పెన్నీల ముద్రణ ఆపేశారు కాబట్టి దుకాణంలో చిల్లర దొరుకుతుందన్న ధీమా వద్దు.

పాత పెన్నీలు నల్లబడి ఉంటాయి. చింతపండు గుజ్జులో చిటికెడు ఉప్పు కలిపి ఐదు నిమిషాలు నానబెట్టి రుద్దితే ఇంట్లో రాగి చెంబులా తళతళలాడతాయి. బాగా కడిగి, పూర్తిగా ఆరాకే మూట కట్టండి.

తిప్పడం మొదలుపెట్టాక ఒకే దిక్కుకు తిప్పాలి. మధ్యలో బిగిసిందని వెనక్కి తిప్పితే పెన్నీ ఇరుక్కుంటుంది. బిగిసిన చోటే బొమ్మ పడుతోందన్నమాట, పెద్దవాళ్లు చెయ్యి కలిపి ముందుకే నెట్టండి.

8. డ్రైవ్-ఇన్ సినిమా

తుల్సాలో దిగిన రాత్రి అడ్మిరల్ ట్విన్ అనే డ్రైవ్-ఇన్‌కి వెళ్లొచ్చు. చలికాలం ఉండదు, రోజులు మారుతుంటాయి, ముందు ఆరా తీయండి.

శబ్దం కారు ఎఫ్ఎమ్ రేడియోలో వస్తుంది. కొత్త కార్లలో కాసేపటికి రేడియో దానంతటదే ఆగిపోతుంది, లేదా హెడ్‌లైట్లు వెలిగి వెనకవాళ్లకు తెర కనబడదు. లైట్ల మీట "ఆఫ్"కి తిప్పి, పార్కింగ్ బ్రేకు వేసి, చిన్న రేడియో వాడండి. వెనక్కి తిప్పి ఆపి డిక్కీలో కూర్చునేటట్టయితే, దాని తలుపు కారు కప్పును దాటకుండా తాడుతో కిందికి కట్టండి.

9. తిండి

శాకాహారులకు న్యూ మెక్సికోలో ఒక జాగ్రత్త. చిక్కుడు గింజల ముద్దలో పంది కొవ్వు ఉండొచ్చు, పచ్చిమిరప, ఎండుమిరప సాస్‌లలో మాంసం ఉండొచ్చు. "మాంసం లేదు కదా" అంటే సరిపోదు, కొవ్వు, మాంసం ఉడికించిన రసం గురించి విడిగా అడగండి.

ఉదయం కలిపిన పులిహోర మధ్యాహ్నం దాకా సంచిలో ఉన్నా పర్వాలేదు. పెరుగన్నం మాత్రం ఐసు పెట్టెలోనే ఉండాలి.

10. తరచూ జరిగే పొరపాట్లు

వెళ్లేసరికి మూసి ఉంది: చిన్న దుకాణాలు సోమ, మంగళవారాలు మూస్తారు. ముందురోజు ఫోన్ చేయండి, వెబ్‌సైటు మీద పెట్టిన వేళలను నమ్మకండి.

గంట తేడా వచ్చింది: ఆరిజోనాలో వేసవి గడియారం మార్చరు, అక్కడే ఉన్న నవహో నేషన్‌లో (నవహో తెగ వారి ప్రాంతం) మారుస్తారు. దారిలో ఫోన్ గంట అటూ ఇటూ దూకుతుంది. పెట్రిఫైడ్ ఫారెస్ట్ మూసే వేళను ఆరిజోనా సమయంతో చూసుకోండి.

పెట్రోలు అయిపోవచ్చింది: సగం ట్యాంకుకే నింపడం అలవాటు చేసుకోండి.

చిన్న ఊళ్లో స్పీడు టికెట్: 65 నుంచి 35కి ఒక్కసారిగా తగ్గుతుంది. ఊరి మొదటి ఇల్లు కనబడగానే కాలు ఎత్తేయండి.

సాయంత్రానికి పిల్లలు విసిగిపోయారు: మ్యూజియం వదిలేయండి, ఎక్కడానికి, తిప్పడానికి, రంగు వేయడానికి వీలున్న స్టాప్ మాత్రం వదలకండి.

ఓట్‌మన్ నుంచి లాస్ వేగాస్ రెండున్నర గంటలు. కారు అప్పగించే ముందు సీట్ల కింద, మ్యాట్ల మీద రంగు మరకలు, గడ్డి ఉన్నాయేమో చూసి తుడిచేయండి, లేకపోతే శుభ్రం చేసినందుకు డబ్బు పట్టుకుంటారు. మిగిలిన స్ప్రే డబ్బా ఏదైనా సూట్‌కేసులోకి పోయిందేమో కూడా అప్పుడే వెతకండి.